ఆయన వద్దన్న మొక్కల గురించి అడగండి

ప్రశ్న: అమ్మా, నమస్కారం. తిరుపతిలో వేరుశనగ కొత్త రకాల మీద పనిచేసే చిన్న టీమ్ మాది. రెండేళ్ల కిందట టీమ్ బాధ్యత నా మీద పడింది. తొమ్మిదేళ్లుగా మాతో ఉన్న అన్న ఒకాయన వచ్చే నెలాఖరుకి వెళ్లిపోతున్నారు. ఇక్కడ ఆయనది ప్రాజెక్టు ఉద్యోగం, ఎప్పుడు ఆగుతుందో తెలియదు. ఇద్దరు పిల్లలున్నారు. హైదరాబాద్‌లో ఒక విత్తనాల కంపెనీలో పర్మనెంట్ ఉద్యోగం వచ్చింది. ఆయన క్రాసింగ్ (ఒక రకం పుప్పొడిని మరో రకం పువ్వుకి రాయడం) చేస్తే ఊడ, అంటే నేలలోకి దిగి కాయ కట్టే కాడ, దిగని పువ్వు అరుదు. కాయ మీద మచ్చ చూసి అది కాళహస్తి తెగులో (నులిపురుగుల వల్ల వచ్చేది), మరొకటో చెప్పేస్తారు. వెళ్తున్నానని చెప్పిన రోజు నుంచి నాకు ఒకటే టెన్షన్. ఉండిపొమ్మని అడగాలనిపిస్తోంది. అడిగితే నిజంగానే ఉండిపోతారేమోనని భయం కూడా వేస్తోంది. ఎదురుపడితే మాట రావడం లేదు. ఈ నెల రోజులు నేనేం చేయాలి?
– ఒక పరిశోధకురాలు, తిరుపతి

జవాబు: ఉండిపొమ్మని అడగకండి తల్లీ. మీ భయమే సరైనది. తొమ్మిదేళ్లు ప్రాజెక్టు జీతం మీద సంసారం నడిపిన మనిషి మీ మాట కాదనలేక ఆగిపోతే, రేపు ప్రాజెక్టు మూతపడిన రోజున ఆ పిల్లల ఫీజు మీరు కట్టలేరు. పర్మనెంట్ పోస్టు ఇప్పించే అధికారం మీకుంటే అది వేరే మాట. అప్పుడు ఈ ఉత్తరమే రాసేవారు కాదు.

మాట రావడం లేదన్నారు. దాని గురించి నా సంగతి చెప్తాను. నేనూ 30 ఏళ్లకు పైగా శెనక్కాయ చెట్ల మధ్యనే పనిచేశాను. 1990ల్లో మా దగ్గర నుంచి ఒక మంచి సహోద్యోగి వేరే రాష్ట్రం వెళ్లిపోయాడు. నాకు కోపం వచ్చింది. ఆ చివరి ఇరవై రోజులూ పని మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. ఆఖరి రోజు దండ వేశాం, స్వీట్లు పంచాం, పంపించాం.

రెండేళ్ల తర్వాత పాత ఫీల్డ్ బుక్కులు తిరగేస్తుంటే ఒక కల్చర్, అంటే ఇంకా విడుదల కాని, పరీక్షలో ఉన్న రకం, కనిపించింది. మూడు సీజన్లు మంచి దిగుబడి, ఆ పైన ఎర్ర పెన్సిల్‌తో కొట్టివేత. ఎందుకో రాయలేదు. అతని రాతే. ఇంత మంచిదాన్ని ఎందుకు వదిలేశాడని మళ్లీ వేశాం. రెండేళ్లు బ్రహ్మాండంగా వచ్చింది. మూడో ఏడు కొందరు రైతులకు మినికిట్ కింద, అంటే వేసి చూడమని చిన్న విత్తన సంచులుగా, ఇచ్చాం. మన ప్రాంతంలో ఖరీఫ్ వేరుశనగ పీకేది అక్టోబరు, నవంబరుల్లో. సరిగ్గా అప్పుడే ఈశాన్య రుతుపవనాలు దిగుతాయి. ఆ ఏడు కోతకు ముందు వారం రోజులు ముసురు పట్టింది. పీలేరు వైపు ఒక రైతు చెట్టు పీకి నా చేతిలో పెట్టాడు. సగం కాయలు పగిలి తెల్లగా మొలకలు బయటికి వచ్చి ఉన్నాయి. "ఇయ్యి ఎవరు కొంటారమ్మా?" అన్నాడు. ఆ కల్చర్ గింజకు నిద్రావస్థ బొత్తిగా లేదు, తడి తగిలితే నేలలోనే మొలిచేస్తుంది. తీగ సాగకుండా గుత్తిగా పెరిగే మన రకాల్లో చాలావాటికి ఉన్న జబ్బే, దీనికి మరీ ఎక్కువ. అప్పుడు నేను ఉత్తరం రాస్తే అతను ఇన్లాండ్ కవర్లో జవాబిచ్చాడు. ఒక వాన మర్నాడు ఆ వరసలో మొలకలు చూసి కొట్టేశానని, నాకు చెప్పాననే అనుకున్నానని రాశాడు. ఆ ఇరవై రోజుల్లో ఒక్కసారి పక్కన కూర్చుని అడిగి ఉంటే ఆ రైతుకి ఆ నష్టం వచ్చేది కాదు. ఆ మొలకలు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి.

అందుకే చెప్తున్నాను. ఆయన ఎంచి ఉంచినవాటి వివరాలు మీ రికార్డుల్లో ఉంటాయి. పారేసినవి ఎందుకు పారేశారో ఆయన తలలో ఉంటుంది. ఈ నెలంతా అదే అడగండి. ఖరీఫ్ చేను ఇప్పుడు పూత మీద ఉండాలి. తెల్లవారి పువ్వు విచ్చుకునే వేళకు ఆయనతో పాటు చేనులోకి వెళ్లండి. పాత ఫీల్డ్ బుక్కులు వెంట తీసుకెళ్లి, కొట్టివేత ఉన్న ప్రతి చోటా ఆగి "అన్నా, ఇది ఎందుకు వద్దన్నావు?" అని అడగండి. ఫోన్‌లో రికార్డు చేసి, అదే రోజు రాత్రి కాగితం మీద పెట్టండి. మర్నాటికి వదిలేస్తే సగం పోతుంది.

క్రాసింగ్ మాత్రం అడిగి తెలుసుకునేది కాదు. సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు తీసేటప్పుడు ఫోర్సెప్స్ ఎంత ఒత్తాలో, మర్నాడు పుప్పొడి రాసి గుర్తుకి రంగు దారం ఎలా కడితే కాడ నలగదో, పక్కన కూర్చుని చేస్తేనే వస్తుంది. మీ టీమ్‌లో ఓపికున్న ఒక పిల్లనో పిల్లాడినో ఇవాళ్టి నుంచే ఆయన పక్కన కూర్చోబెట్టండి. వాళ్లు కట్టిన దారాలకు వేరే రంగు పెట్టండి. ఆయన వెళ్లేలోపే ఎన్ని ఊడలు దిగాయో లెక్క తెలుస్తుంది, తప్పు ఎక్కడుందో ఆయనే చూసి చెప్తారు.

ఇంకొకటి, ఇది నాకు చాలా ముఖ్యం. 1940లో తమిళనాడులోని తిండివనం నుంచి వచ్చిన టీఎంవీ 2 అనే వేరుశనగ రకాన్ని మన రాయలసీమ రైతులు దశాబ్దాల పాటు వేశారు. దాని వెనక ఎండలో కూర్చున్న మనుషుల పేర్లు ఎవరికైనా తెలుసా? మన తిరుపతి నుంచి వచ్చిన నారాయణి, ధరణి రకాలదీ అంతే, రైతు నోట రకం పేరే ఉంటుంది. క్రాస్ చేసిన నాటి నుంచి రకం విడుదలకు సుమారు 10 ఏళ్లు పడుతుంది. అంటే ఆయన దారం కట్టిన మొక్క రకమయ్యే నాటికి ఆయన హైదరాబాద్‌లో ఉంటారు. విడుదల ప్రతిపాదనలో, రకం తయారీలో పాలుపంచుకున్నవాళ్ల పేర్లు రాసే చోటు ఉంటుంది. అక్కడ ఆయన పేరు ఉండేట్టు చూడండి. ఏ క్రాసులు ఆయనవో, ఏ సంవత్సరంవో ఇప్పుడే పట్టిక వేసి, మీ పై అధికారి సంతకంతో ఫైల్లో పెట్టించండి. రేపు మీరు కూడా బదిలీ కావచ్చు. ఆ కాగితం కాపీ ఒకటి వీడ్కోలు రోజు ఆయన చేతికివ్వండి. శాలువా కూడా కప్పండి, కానీ కాగితం ముందు ఇవ్వండి.

ఇక మాట రాకపోవడం అంటారా, రేపు పొద్దున చేనులో "నువ్వు వెళ్తుంటే నాకు భయంగా ఉందన్నా" అనేయండి. ఆయనకూ అలాగే ఉండి ఉంటుంది.

ప్రశ్న: వెళ్లిపోయేది నేనే. ఐదేళ్ల ల్యాబ్ నోట్‌బుక్‌లు, అన్నీ నా చేతిరాతే. వెంట తీసుకెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: వద్దు నాయనా. రాత మీదే అయినా పుస్తకాలు సంస్థవి. కాపీలు కావాలంటే రాతపూర్వకంగా అనుమతి అడగండి. ఈ వారంలో ఒక పని చేయండి: ఫ్రీజర్‌లో గొట్టాల మీద మీరు రాసుకున్న పొట్టి గుర్తులు మీకొక్కరికే అర్థమవుతాయి. ఏ గుర్తుకి ఏ అర్థమో చివరి నోట్‌బుక్ వెనక పేజీలో వరసగా రాసి, మీ తర్వాత వచ్చేవాళ్ల చేత ఒకసారి చదివించి మరీ వెళ్లండి.