‘నిషేధించాలని అనను’ అంటే ‘సమర్థిస్తాను’ అనా?

సందేహం: అమెరికా ఎన్నికల వార్తలు తెలుగులో చదువుతుంటాను. ఒక నాయకుడి మాట ఇలా ఉంది: ‘గర్భస్రావం నాకు సమ్మతం కాదు. అయినా దాన్ని చట్టం పెట్టి నిషేధించాలని అనను.’ దీనికి ఒకచోట ‘గర్భస్రావాలకు నేను వ్యతిరేకినన్న నేత’ అనీ, మరొకచోట ‘గర్భస్రావాలకు నేత మద్దతు’ అనీ శీర్షికలు పెట్టారు. ఏది సరి? గర్భస్రావం, గర్భవిచ్ఛిత్తి, భ్రూణహత్య ఈ మూడూ ఒకటేనా?

సమాధానం: రెండు శీర్షికలూ సరి కావు. మొదటిది సగం చెప్పి ఊరుకుంది. రెండోది ఆయన అననిది అన్నట్టు చెప్పింది. తప్పుల్లో తేడా ఉంది కనుక రెండోదే పెద్ద తప్పు.

‘వ్యతిరేకి’, ‘మద్దతు’ అనే మాటలు వాడేముందు ‘దేనికి?’ అని అడగాలి. అమెరికాలో ఈ విషయం మీద నాయకుడికి కనీసం మూడు వేర్వేరు ప్రశ్నలు ఎదురవుతాయి. ఆ పని తప్పని నమ్ముతాడా? చట్టం దాన్ని నిషేధించాలంటాడా? దానికి ప్రభుత్వ సొమ్ము ఇవ్వాలంటాడా? మూడింటికీ ఒకే జవాబు ఉండాలని లేదు. న్యూయార్క్ గవర్నర్ మారియో కూమో 1984 సెప్టెంబరులో నోటర్ డేమ్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రసంగం సారాంశం ఇదే: క్యాథలిక్‌గా చర్చి బోధను తాను అంగీకరిస్తాడు, కానీ దాన్ని చట్టంగా అందరి మీదా రుద్దడు. జో బైడెన్ చాలా ఏళ్లు గర్భస్రావ హక్కునూ, 1976 నాటి హైడ్ సవరణనూ రెండింటినీ సమర్థించారు. కొన్ని మినహాయింపులు పోను, గర్భస్రావాలకు ఫెడరల్ నిధులు వాడరాదనేది ఆ సవరణ. 2019 జూన్‌లో దాన్ని సమర్థించడం మానుకున్నారు. ఆ రోజున ఆయన గర్భస్రావాల మీద మాట మార్చారని రాస్తే తప్పు. నిధుల మీద మార్చారని రాయాలి. ‘గర్భస్రావాలకు’ అన్న ఒక్క మాటలోకి మూడు ప్రశ్నల్నీ కుక్కేయడంతో మొదలవుతుంది వక్రీకరణ.

ఇక వ్యతిరేకార్థం సంగతి. మీరు పంపిన వాక్యంలో కీలకం ‘అనను’ అనే క్రియ. ‘రేపు వాన పడుతుందని అనుకోను’ అంటే ‘పడదనుకుంటాను’ అనే మనం అర్థం చేసుకుంటాం. ‘అనుకొను’ క్రియ దగ్గర వ్యతిరేకార్థం లోపలి వాక్యంలోకి జారుతుంది. ‘అను’ దగ్గర జారదు. ‘రేపు వాన పడుతుందని నేననలేదు’ అన్నవాడు ‘పడదు’ అన్నట్టు కాదు, ఊరుకున్నాడంతే. కాబట్టి ‘నిషేధించాలని అనను’ వేరు, ‘నిషేధించకూడదంటాను’ వేరు. మొదటిది నిషేధం కోరకపోవడం, రెండోది నిషేధాన్ని ఎదిరించడం. అనువాదకుడు తొందరలో ‘అనను’ని ‘అనుకోను’గా మారుస్తాడు. శీర్షిక పెట్టేవారు దాన్ని ‘నిషేధించకూడదు’ చేస్తారు. అక్కణ్ణుంచి ‘మద్దతు’కి ఒక్క అడుగు. ఎవరూ అబద్ధమాడలేదు, మాట మాత్రం తిరగబడింది.

ఇలాంటిదే ఇంకొకటి: ‘అన్ని గర్భస్రావాలనూ నిషేధించకూడదు’. ఇందులో రెండర్థాలున్నాయి. కొన్నిటిని నిషేధించవచ్చు కానీ అన్నిటినీ కాదు అనేది ఒకటి, వేటినీ నిషేధించకూడదనేది మరొకటి. నోటితో చెప్పేటప్పుడు ‘అన్ని’ మీద ఊనిక మొదటి అర్థం వైపు లాగుతుంది. అచ్చులో ఆ ఊనిక కనబడదు. మొదటి అర్థానికి ‘అన్నిటినీ నిషేధించనక్కర్లేదు’ అనీ, రెండోదానికి ‘దేన్నీ నిషేధించకూడదు’ అనీ రాస్తే పేచీ ఉండదు.

షరతు రాలిపోవడం మరో దారి. 2016 మార్చి 30న ఒక టీవీ కార్యక్రమంలో డొనాల్డ్ ట్రంప్‌ను గర్భస్రావాన్ని నిషేధిస్తే చేయించుకున్న స్త్రీకి శిక్ష ఉండాలా అని గట్టిగా అడిగారు. ఏదో ఒక రూపంలో శిక్ష ఉండాలన్నారాయన. అదే రోజు మాట సవరించుకుని, బాధ్యత చేసిన వైద్యుడిదే తప్ప స్త్రీది కాదని ప్రకటన ఇచ్చారు. ‘నిషేధిస్తే’ అనే షరతు అడిగినవారి ప్రశ్నలో ఉంది, జవాబు మాత్రమే ఎత్తి రాస్తే అది పోతుంది. కనుక ప్రశ్నను కూడా జవాబులోకి తెచ్చి రాయాలి: ‘నిషేధం వస్తే స్త్రీకి కొంత శిక్ష ఉండాలన్న ట్రంప్, అదే రోజు సవరణ’. కాలం కూడా చూసుకోవాలి. ‘శిక్షించాలన్నారు’ అంటే ఒకసారి అన్న మాట. ‘శిక్షించాలంటారు’ అంటే ఆయన ఎప్పుడూ చెప్పే విధానం. మొదటిది నిజం. రెండోది కొన్ని గంటలే నిలిచిన మాటను సిద్ధాంతం చేస్తుంది. ఈ ‘అన్నారు’, ‘అంటారు’ తేడాను మన విలేఖరులు పట్టించుకోవడం బాగా తగ్గింది.

అన్నిటికంటే చెడ్డది ‘అంటే’ చేసే పని. 2019 జనవరిలో వర్జీనియా శాసనసభలో ఒక బిల్లు వచ్చింది. మూడో త్రైమాసికంలో గర్భస్రావానికి ముగ్గురు వైద్యుల ధ్రువీకరణ కావాలన్న నిబంధనను ఒక్కరికి తగ్గించడం, తల్లి ఆరోగ్యానికి కలిగే ముప్పు ఎంత తీవ్రంగా ఉండాలన్న షరతును సడలించడం అందులోని ముఖ్యాంశాలు. బిల్లు నెగ్గలేదు. అప్పటి గవర్నర్ రాల్ఫ్ నార్తమ్ వృత్తిరీత్యా పిల్లల నాడీవైద్యుడు. తీవ్రమైన లోపాలున్న, బతికే అవకాశం లేని శిశువు విషయంలో ఏం జరుగుతుందో జనవరి 30న రేడియోలో వివరించారు: కాన్పు అవుతుంది, శిశువుకు బాధ కలగకుండా చూస్తారు, తల్లీ కుటుంబమూ కోరితే ప్రాణం నిలిపే ప్రయత్నం చేస్తారు, ఆపైన వైద్యులకూ తల్లికీ మధ్య చర్చ జరుగుతుంది. ఈ చివరి మాట దగ్గరే చిక్కు వచ్చింది. దేని గురించి చర్చ? ఆయన చెప్పలేదు. అంత సున్నితమైన చోట ఖాళీ వదలడం వక్త లోపమే, దాన్ని కప్పిపుచ్చనక్కర్లేదు. కానీ ఖాళీని నింపింది ఎదుటి పక్షం. 2024 సెప్టెంబరు 10న అధ్యక్ష అభ్యర్థుల టీవీ చర్చలో ట్రంప్ (రాష్ట్రం పేరు వెస్ట్ వర్జీనియా అని పొరబడుతూ) చెప్పినదాని సారం: బిడ్డ పుట్టాక ఏం చేయాలో నిర్ణయిస్తామని ఆ గవర్నర్ అన్నాడు, అంటే చంపేస్తామన్నమాట. పుట్టిన బిడ్డను చంపడం దేశంలో ఏ రాష్ట్రంలోనూ చట్టబద్ధం కాదని సంధానకర్త అక్కడే చెప్పారు.

తెలుగులో ‘అంటే’కు ఉన్న సులువు చూడండి. మాట ఒకరిది, వ్యాఖ్య మరొకరిది. ‘అంటే’ రెంటినీ అతికిస్తుంది, అతుకు కనబడదు. దాని తర్వాత వచ్చే భాగం మొదటివాడి నోటిదా, రెండోవాడి ఊహా అన్నది వాక్యం చెప్పదు. పైగా చివర ‘అన్నాడు’ ఒక్కటే తగిలిస్తే మొత్తం మొదటివాడి ఖాతాలో పడుతుంది. పరిష్కారం కష్టం కాదు: రెండు ‘అన్నాడు’లు రాయండి, ఇద్దరు కర్తల్ని పెట్టండి. ‘వైద్యులూ తల్లీ చర్చిస్తారని నార్తమ్ అన్నారు. దాని అర్థం చంపడమేనని ట్రంప్ ఆరోపించారు.’ శీర్షికలో చోటు చాలదనేవారు రెండో వాక్యం ఒక్కటే వాడుకోవచ్చు, ‘ఆరోపించారు’ తీసేయనంత వరకూ.

సమాసాల సంగతి టూకీగా. ‘గర్భస్రావ చట్ట వ్యతిరేకి’ అంటే ఆ చట్టాన్ని వ్యతిరేకించేవాడు. ‘గర్భస్రావం చట్టవ్యతిరేకం’ అంటే అది నేరం. మొదటిదాన్ని విడదీయడంలోనూ సందేహమే: ఆ చట్టం గర్భస్రావాన్ని అనుమతించేదా, నిషేధించేదా? ‘గర్భస్రావ నిషేధ చట్ట వ్యతిరేక తీర్మానం’ వంటివి నలుగురు చదివితే నాలుగు రకాలుగా విడదీస్తారు. ఒక్క విభక్తి, ఒక్క క్రియ చాలు: ‘గర్భస్రావాన్ని నిషేధించే చట్టాన్ని ఎదిరిస్తూ తీర్మానం’. 2022 జూన్ 24 తీర్పు విషయంలోనూ ఇంతే. అమెరికా సుప్రీంకోర్టు గర్భస్రావాన్ని నిషేధించలేదు. గర్భస్రావాన్ని రాజ్యాంగ హక్కుగా గుర్తించిన 1973 నాటి రో తీర్పును కొట్టేసి, రాజ్యాంగంలో ఆ హక్కు లేదని చెప్పి, నిర్ణయాన్ని ప్రజలకూ వారి ప్రతినిధులకూ వదిలేసింది. కనుక ఆ తీర్పును మెచ్చుకున్న నాయకుడు దేశమంతటా నిషేధం కోరుతున్నట్టు దానంతట అదే తేలదు. కోరుతున్నాడో లేదో విడిగా చూసి రాయాలి.

మీ రెండో సందేహం. గర్భస్రావం తనంతట జరిగేదానికీ, చేయించుకునేదానికీ రెంటికీ వాడుకలో ఉంది. తేడా క్రియలో తెలియాలి: ‘గర్భస్రావమైంది’, ‘గర్భస్రావం చేయించుకుంది’. జనం మాటల్లో ‘కడుపు పోయింది’, ‘కడుపు తీయించుకుంది’ అన్నవి ఈ తేడాను ఇంకా బాగా పట్టిస్తాయి. గర్భవిచ్ఛిత్తి కావాలని చేసేదానికే వస్తుంది కనుక చట్టాల వార్తలకు నప్పుతుంది. అబార్షన్ అని రాసినా తప్పులేదు, అందరికీ తెలిసిన మాట. భ్రూణహత్య అలాంటిది కాదు, అందులో తీర్పు కలిసే ఉంది. నాయకుడు ఆ మాటే వాడితే కొటేషన్ గుర్తుల్లో పెట్టి ఆయన పేరుతో ఇవ్వాలి. ఆయన వాడకపోతే శీర్షికలో మనం వాడకూడదు. మీరు పంపిన వాక్యానికి నేనైతే ఈ శీర్షిక పెడతాను: ‘గర్భస్రావం సమ్మతం కాదు, నిషేధం కోరను’. అక్షరాలు ఎక్కువైతే ‘నాకు సమ్మతం కాదు, నిషేధమూ కోరను’ అని రాసి, దేని గురించో పైన చిన్న అక్షరాల్లో ఇవ్వవచ్చు.