కొండను కొలిచే ముందు

చిరంజీవి కీర్తనకు, హనుమకొండ నుంచి పెద్దనాన్న ఆశీస్సులు.

గుహాలయాలను మొదట చదివిన పండితుల మీద పరిశోధన చేస్తున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఫెర్గూసన్‌ను ముందు పెట్టుకుని పుటలకు పుటలు ఎత్తి రాస్తున్నావట. ఆ పని కాస్త ఆపు.

జేమ్స్ ఫెర్గూసన్ కలకత్తాలో నీలిమందు వ్యాపారి. 1835 నుంచి కొన్నేళ్లు దేశం తిరిగాడు. ఎదుటి దృశ్యం కాగితం మీద పరుచుకున్నట్టు చూపే కెమెరా లూసిడాతో బొమ్మలు గీసుకున్నాడు. గుహాలయాల మీద ఆయన పుస్తకం 1845లో వచ్చింది. దాన్ని చదివేటప్పుడు నోటుబుక్కులో పేజీకి నడుమ గీత గీయి. ఆయన చూసింది ఎడమవైపు, ఊహించింది కుడివైపు.

మహారాష్ట్రలోని భాజా చైత్యంలో, అంటే బౌద్ధుల ప్రార్థనా గుహలో, స్తంభాలు లోపలికి వాలి ఉంటాయి. ఇది ఎడమవైపు. కొయ్యతో కడితే వంపు కప్పు తన బరువుతో స్తంభాలను బయటికి తోస్తుంది, అందుకే వడ్రంగి వాటిని లోపలికి వాలుస్తాడు. కొండనే తొలిచినప్పుడు ఆ బెంగ లేదు. అయినా వాల్చారంటే, వడ్రంగి చేతి అలవాటు రాతిలోకి వచ్చిందన్నమాట. కార్లే గుహలో రాతి కప్పు కింద కొయ్య వాసాలు నేటికీ ఉన్నాయి. ఇంతవరకు ఆయన కన్ను బంగారం. రాతిపని మనవాళ్లకు గ్రీకుల వల్ల అబ్బిందన్నాడే, అది మాత్రం కుడివైపు రాసుకో. బెంగాలీ పండితుడు రాజేంద్రలాల్ మిత్ర ఒప్పుకోలేదు. ఆయన మీద ఫెర్గూసన్ 1884లో ఏకంగా ఒక పుస్తకమే వేశాడు. అందులో నాకు వాదన కన్నా కోపమే ఎక్కువ కనిపించింది.

పక్కనే రాంరాజ్‌ను చదువు. బెంగళూరులో న్యాయాధికారి. శిల్పశాస్త్ర గ్రంథాలను శిల్పుల సాయంతో విప్పి చెప్పాడు. ఆయన పోయాక 1834లో ఆ పుస్తకం లండన్‌లో అచ్చయింది. ఒకరు రాయిని నమ్మారు, ఒకరు శాస్త్రాన్ని. నీకు ఇద్దరూ కావాలి.

అజంతా, ఎల్లోరా ఒకప్పుడు నిజాం రాజ్యంలోవే. 1914లో ఏర్పడిన పురావస్తు శాఖకు గులాం యాజ్దానీ పెద్ద. మన పాలంపేట గుళ్ల మీద కూడా ఆయన 1922లో రాశాడు. కాబట్టి పాత నివేదికల కోసం ముందు హైదరాబాద్ గ్రంథాలయాలు వెతుకు.

అంతకన్నా ముందు ఒక ఉదయం మన హనుమకొండ పద్మాక్షి గుట్ట ఎక్కు. అక్కడ బండకు చెక్కిన జైన తీర్థంకరులున్నారు, 1117 నాటి శాసనం ఉంది. ఎండ ఏటవాలుగా పడే వేళ చెక్కడం లేచి కనిపిస్తుంది, మధ్యాహ్నానికి చదునైపోతుంది. అక్షరం కనబడలేదని సుద్ద పొడి మాత్రం రుద్దకు. 1819లో అజంతా పదో గుహలో జాన్ స్మిత్ అనే సైనికాధికారి స్తంభం మీది బొమ్మపైనే తన పేరు గీకాడు. అప్పుడు నేలంతా మట్టి మేట, ఇప్పుడా పేరు తలెత్తి చూడాల్సినంత ఎత్తులో ఉంది. పేరు పోలేదు, బొమ్మే పాడయింది.

నీ వయసులో నేను ఒక గుహలో ఒక్క స్తంభం కొలిచి, మిగతావీ అంతేనని రాసేశాను. మళ్లీ వెళ్లి చూస్తే ఏ రెండూ ఒకటి కావు. పేర్చిన రాయి కుదరకపోతే మార్చవచ్చు, తొలిచిన కొండ అతుక్కోదు కదా! ప్రతిదీ కొలువు.

నా ఇనుప టేపు నీ కోసం తీసిపెట్టాను. మొదటి అంగుళం అరిగిపోయింది. పదో అంగుళం నుంచి కొలిచి, ఆ పది తీసివేసుకో.

మీ పెద్దనాన్న