రాజు దేశం దాటితే పిరికితనమా?

ప్రశ్న: మాస్టారూ, జర్మన్లు రాగానే నార్వే రాజు లండన్ వెళ్ళిపోయాడట. మా రంగారావు గారు 1757లో కోటలోనే ప్రాణం వదిలారు. పారిపోయినవాడికి అంత గౌరవమేమిటి?
- ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: మీ పౌరుషం అర్థమైంది బాబూ. విజయనగరంలో పాఠం చెప్పినన్నాళ్ళూ బొబ్బిలి పిల్లలు నన్ను ఇదే అడిగేవారు. కానీ ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు చుట్టుముట్టిన కోటలో రంగారావు గారికి వేరే దారి లేదు. నార్వే రాజు హాకన్‌కు ఉంది, అదీ సుఖమైన దారి. జర్మన్ల మాట వింటే సింహాసనం మీదే ఉండేవాడు.

1940 ఏప్రిల్ 9 తెల్లవారుజామున ఓస్లో దారిలోని ఆస్కార్స్‌బోర్గ్ కోటలో ఉన్న పాత ఫిరంగులు, టార్పెడోలు జర్మన్ల బ్లూషర్ యుద్ధనౌకను ముంచేశాయి. ఆ కాస్త వ్యవధిలో రాజకుటుంబం రైలెక్కింది. మర్నాడు ఎల్వెరమ్‌లో జర్మన్ రాయబారి, నాజీల పక్షం చేరిన నార్వే నాయకుడు క్విస్లింగ్‌ను ప్రధానిని చెయ్యమన్నాడు. 67 ఏళ్ళ రాజు మంత్రులతో, నిర్ణయం మీదే, మీరు ఒప్పుకుంటే మాత్రం నేను గద్దె దిగిపోతాను అన్నాడు. వాళ్ళూ ఒప్పుకోలేదు. ఆ మరునాడే బాంబులు పడ్డాయి. రాజూ, కొడుకు ఓలావ్ మంచులో, చెట్ల చాటున తలదాచుకున్నారు. నాకు ఆయనమీద గౌరవం పుట్టింది అక్కడే.

జూన్ 7న ఉత్తర నార్వేలోని ట్రోమ్సోలో బ్రిటన్ వెళ్ళే ఓడెక్కాడు. కోడలు, మనవలు అమెరికా చేరారు. లండన్ నుంచి ఆయన రేడియోలో మాట్లాడేవాడు. జర్మన్లు రేడియోలు లాక్కుంటే జనం దాచుకుని విన్నారు, గోడల మీద ఆయన గుర్తు గీశారు. 1945లో, మళ్ళీ జూన్ 7నే, ఓస్లోలో దిగాడు.