మీరడిగారు: కాన్వాస్ సంచీకి మైనం, తోలు పట్టీకి ఆముదం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం సంచుల గురించే. అందుకని పేజీ మొత్తం పాతకాలం కాన్వాస్ బ్యాగులకీ తోలు పట్టీలకే ఇచ్చేస్తున్నా, మిగతా ప్రశ్నలు పంపినవాళ్లు ఒక్క నెల ఓపిక పట్టండి.

ప్రశ్న (మినియాపోలిస్ నుంచి): నమస్తే అండి. ఆగస్టులో మేమూ ఇంకో రెండు తెలుగు ఫ్యామిలీలూ కలిసి మొత్తం పదకొండు మందిమి బౌండరీ వాటర్స్‌కి కనూ ట్రిప్‌కి వెళ్దామనుకుంటున్నాం. మా ఆఫీసులో ఒక పెద్దాయన తన పాత డులూత్ ప్యాక్ వాడుకోమని ఇచ్చారు. చూస్తే ఆకుపచ్చ గోనెసంచిలా ఉంది, ఫ్రేమ్ లేదు, నడుముకి బెల్ట్ లేదు, పైగా తలకి తగిలించుకునే పట్టీ ఒకటి వేలాడుతోంది. మా ఆవిడ ఒకటే నవ్వు. తీసుకెళ్లాలా, మర్యాదగా వద్దని చెప్పాలా?

జవాబు: తీసుకెళ్లండి, ఆ సంచీ పుట్టిందే మీరు వెళ్లే చోటు కోసం, అక్కడ సరస్సుల్లో పడవ, ఒక సరస్సు నుంచి ఇంకోదానికి సామాను మోసుకుంటూ నడక. కమీల్ పోరియే అని ఫ్రెంచ్ కెనడియన్, తోలు పని తెలిసిన చెప్పుల తయారీదారు, మీ మిన్నెసోటాలోనే ఉన్న డులూత్ ఊరు వచ్చి కొట్టు పెట్టుకుని 1882లో ఈ రకం సంచీకి పేటెంట్ తీసుకున్నాడు. భుజాలకి పట్టీలు, ఛాతీ మీద అడ్డంగా ఒకటి, తలకి ఒకటి, గొడుగు తగిలించుకోడానికి కూడా ఏర్పాటు చేశాడు మహానుభావుడు. 1911లో ఆ వ్యాపారాన్ని డులూత్ టెంట్ అండ్ ఆనింగ్ కంపెనీ కొనుక్కుంది, ఇప్పటి డులూత్ ప్యాక్ కంపెనీ అదే. మీకు రెండున్నర గంటల డ్రైవ్, వీలుంటే వెళ్లేదారిలో ఆగి చూడండి.

ఫ్రేమ్ ఎందుకు లేదంటే అది పడవలో పడుకోవాలి కాబట్టి. కనూ అడుగున బరువు ఎంత కిందికి ఉంటే పడవ అంత నిలకడగా ఉంటుంది, ఫ్రేమ్ ఉన్న పొడుగు బ్యాగు నిలబెడితే బరువు పైకి వస్తుంది, పడుకోబెడితే అడ్డకమ్మీలకి తగులుకుంటుంది. ఇది మాత్రం వెడల్పుగా మెత్తగా ఎక్కడ పెడితే అక్కడ సర్దుకుంటుంది. మూతకి ఉన్న పట్టీలు అంత పొడుగ్గా ఉన్నాయేంటని తీసిపారేయకండి, మొదటిరోజు తిండితో పొంగిపోయి ఉన్న సంచీకీ చివరి రోజు సగం ఖాళీ అయిన సంచీకీ అదే మూత సరిపోవాలి కదా.

ఇక తలపట్టీ. నేపాల్లో డోకో బుట్టలు మోసే పోర్టర్లని చూసే ఉంటారు, అదే పద్ధతి. మీరు వెళ్లే ప్రాంతంలో అయితే బొచ్చుతోళ్ల వ్యాపారం రోజుల్లో కంపెనీల కింద పనిచేసిన ఫ్రెంచ్ కెనడియన్ కూలీలు ఒక్కోటి 90 పౌండ్ల మూటలు రెండేసి, అంటే 80 కిలోల పైనే, ఇలా తలపట్టీతో మోసుకెళ్లేవాళ్లు, అదీ గ్రాండ్ పోర్టేజ్ లాంటి ఎనిమిదిన్నర మైళ్ల దారిలో. మీరంత మొయ్యక్కర్లేదు లెండి. కానీ పట్టీ నుదుటి మీద పెట్టుకుంటే మెడ వెనక్కి లాగేసి సాయంత్రానికి తిప్పలేరు, వెంట్రుకలు మొదలయ్యే చోటికి కొంచెం వెనగ్గా, నడినెత్తికి కాస్త ముందుగా ఉండాలి. అప్పుడు బరువు మెడ మీంచి వెన్నులోకి నిటారుగా దిగుతుంది, గడ్డం కొంచెం లోపలికి పెట్టి నడవండి. ముందు ఇంటి దగ్గర పది కిలోలు వేసుకుని వీధి చివరిదాకా నడిచి చూడండి, మెడ కండరాలకి అలవాటు లేని పని ఇది. అక్కడి మ్యాపుల్లో మోతదారి (సరస్సుల మధ్య పడవా సామానూ మోసుకెళ్లే దారి) పొడవు రాడ్లలో రాస్తారు, ఒక రాడ్ 16.5 అడుగులు, వంద రాడ్లంటే దాదాపు అర కిలోమీటరు. భుజాల మీద కాసేపు, తల మీద కాసేపు మార్చుకుంటూ వెళ్తే నడుము బెల్ట్ లేని లోటు ఆ దూరాలకి పెద్దగా తెలియదు.

కాన్వాస్ వాటర్‌ప్రూఫ్ అనుకోవద్దు. నూలు తడిస్తే ఉబ్బి నేత బిగుసుకుంటుంది కాబట్టి చిన్న వాన ఆపుతుంది కానీ కుట్ల దగ్గర కారుతుంది, కనూ అడుగున నిలిచిన నీళ్లలో గంట కూర్చుంటే లోపలికి వచ్చేస్తాయి. లోపల మందపాటి ప్లాస్టిక్ సంచీ ఒకటి వేసి బట్టలూ స్లీపింగ్ బ్యాగులూ అందులో పెట్టి మూతి మెలితిప్పి కట్టండి. వీపుకి ఆనే వైపు మెత్తనివి, స్టవ్వూ గిన్నెలూ బయటివైపు, లేకపోతే గిన్నె అంచు వీపులో దిగుతుంది. ఎత్తేటప్పుడు ఒక్క భుజం పట్టీ పట్టుకుని లాగకండి, బరువంతా రెండు రివెట్ల మీద పడుతుంది, ఇద్దరు కలిసి ఎత్తండి.

మీరడగని సంగతులు రెండు. అక్కడ ఒక గుంపులో తొమ్మిది మందికి మించి ఉండకూడదు, పడవలు నాలుగుకి మించకూడదు, కాబట్టి పదకొండు మంది రెండు పర్మిట్లు తీసుకుని విడివిడిగా క్యాంప్ చెయ్యాలి, నీళ్ల మీద కూడా ఒక్కచోట చేరకూడదు. రెండోది ఆవకాయ. తిండికి గాజు సీసాలూ వాడిపారేసే రేకు డబ్బాలూ లోపలికి తేనివ్వరు, ప్లాస్టిక్ డబ్బాలో గట్టిగా మూతపెట్టి తీసుకెళ్లండి, ఆ డబ్బాని కూడా పెద్దాయన సంచీలో మాత్రం పెట్టకండి. కాన్వాస్‌కి నూనె అంటిందంటే ఆ మరకా ఆ వాసనా దానితోనే ఉంటాయి, ఎలుగుబంట్లు తిరిగే అడవి అది.

ప్రశ్న (విజయవాడ నుంచి): నీళ్లు దిగకుండా మైనం పట్టించిన కాన్వాస్ బ్యాగు వాషింగ్ మెషీన్‌లో వెయ్యొచ్చా?

జవాబు: వద్దు. బురద ఎండాక బ్రష్‌తో దులిపి, మిగిలింది చల్లటి నీళ్ల గుడ్డతో తుడవండి. సబ్బూ వేడినీళ్లూ మైనాన్ని పట్టుకుపోతాయి, మెషీన్ తోలు పట్టీల పని కూడా కానిచ్చేస్తుంది.

ప్రశ్న (హైదరాబాద్, కూకట్‌పల్లి నుంచి): వానాకాలం మొత్తం బీరువా మీద పెట్టిన కాన్వాస్ బ్యాగు ఇప్పుడు తీస్తే ముక్కిపోయిన వాసన, తోలు పట్టీల మీద తెల్లగా పొడిలా ఉంది, రాగి రివెట్ల చుట్టూ పచ్చగా ఉంది. పోయినట్టేనా?

జవాబు: పోలేదు. పచ్చగా ఉన్నది చిలుము, పొడి గుడ్డతో రుద్దితే చాలు. తెల్లపొడి మాత్రం రెండు రకాలు. హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి తగిలించండి, కరిగి మాయమైపోతే అది బూజు కాదు, తోలులో ఉన్న కొవ్వు పైకి తేలిందంతే, గుడ్డతో తుడిచేస్తే సరి. అలాగే ఉండిపోతే బూజే. మూతికి గుడ్డ కట్టుకుని బాల్కనీలోనో డాబా మీదో పొడి బ్రష్‌తో దులపండి, ఇంట్లో దులిపితే ఆ పొడి మీ బట్టల బీరువాలోకే వెళ్తుంది. తర్వాత తెల్ల వెనిగర్‌, నీళ్లు సమానంగా కలిపి గుడ్డ తడిపి బాగా పిండి తుడిచి, నీడలో ఫ్యాను కింద రెండు రోజులు ఆరనివ్వండి. తోలుని ఎండలో పెట్టారో కట్టె అయిపోతుంది, తర్వాత మడతల దగ్గర పగులుతుంది. ఆరాక ప్లాస్టిక్ కవర్లో మాత్రం పెట్టకండి, పాత పంచెలోనో దుప్పట్లోనో చుట్టి గాలాడే చోట పెట్టండి.

అందుకే నైలాన్ నయం అనుకునేరు. మన ఉక్కలో నైలాన్ బ్యాగుల లోపలి పూత కొన్నేళ్లకి జిగురుజిగురుగా అయ్యి పొట్టులా రాలిపోతుంది, అలా వచ్చాక దాన్ని బాగుచెయ్యడం అయ్యే పని కాదు. కాన్వాస్‌ది ఎప్పటికప్పుడు పెట్టే చాకిరీ, తేడా అంతే. ఎండాకాలం కార్లో మాత్రం మైనం బ్యాగు వదలకండి, మైనం మెత్తబడి సీటుకీ చొక్కాకీ అంటుకుంటుంది.

ప్రశ్న (నల్గొండ జిల్లా నుంచి): మా తాత కొత్త చెప్పులకి ఆముదం పట్టించి రెండు రోజులు పెట్టి తొడిగేవాడు. బ్యాగు తోలు పట్టీలకి కూడా అదే చెయ్యొచ్చా? ఇంకోటి, షాపులో జెన్యూన్ లెదర్ అని రాసుంటే నమ్మొచ్చా?

జవాబు: తాతగారి పద్ధతి చెప్పుకి సరైనదే, మందం తోలు మెత్తబడి కాలు కొరకదు. బ్యాగు పట్టీకి అంత వద్దు, ఆముదం చిక్కన, ఎక్కువైతే పైన జిగటగా మిగిలి దుమ్మంతా పట్టుకుంటుంది, రంగు కూడా ముదురుతుంది. గుడ్డకి నాలుగు చుక్కలు అద్ది రాసి, మర్నాడు పొడి గుడ్డతో గట్టిగా తుడిచెయ్యండి, ఏడాదికి ఒకటి రెండు సార్లు చాలు. తోలు మరీ మెత్తబడితే పట్టీ సాగుతుంది, బకిల్ దగ్గర రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చేస్తాయి.

జెన్యూన్ అన్న ముక్క చూసి కొనకండి, పలచగా చీల్చిన తోలుకి పైన పూత పూసినా ఆ మాట రాయొచ్చు. పట్టీ కోసిన అంచు చూడండి. అంచులో గుడ్డ పోగులు కనిపిస్తే అది తోలే కాదు. లోపల నీలం బూడిద రంగు ఛాయ ఉంటే మామూలుగా క్రోమ్‌తో పదును చేసింది, మెత్తగా బాగుంటుంది కానీ బరువు మోసే పట్టీకి నాకంత నచ్చదు. అంచుదాకా గోధుమరంగు ఉంటే చెట్టు చెక్కతో, అంటే బెరడుతో, పదును చేసిన తోలు అయ్యే అవకాశం ఎక్కువ, పాత సంచుల పట్టీలన్నీ ఇలాంటి తోలువే. ఆ మాటకొస్తే మీ చుట్టూ పూసే తంగేడు ఉందే, ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పం, ఆ తంగేడు చెక్కతో తోళ్లు పదును చేసి కరక్కాయతో ముగించి మద్రాసు నుంచి ఓడల మీద లండన్ మార్కెట్‌కి పంపేవాళ్లు, ఈస్ట్ ఇండియా తోలు అని దానికి పెద్ద పేరు. తర్వాత్తర్వాత తంగేడు స్థానంలోకి తుమ్మ జాతి చెట్టే, వాటిల్ చెక్క వచ్చింది. 2008లో ఆ తోలుకి భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చారు.

ప్రశ్న (వరంగల్ నుంచి): బ్యాగుకి మళ్లీ మైనం పట్టించాలి, ఫారిన్ మైనం ముక్క చాలా రేటు ఉంది. కొవ్వొత్తి రుద్దితే కాదా?

జవాబు: ఉత్త కొవ్వొత్తి అయితే మడతపెట్టిన చోటల్లా తెల్లటి గీతలు పడి పెచ్చులు లేస్తుంది, పారఫిన్‌ది పెళుసు గుణం. అందులో తేనెమైనం కలిపితే వంగుతుంది, స్వీడన్ కంపెనీ ఫ్యెల్‌రావెన్ అమ్మే గ్రీన్‌లాండ్ మైనంలో ఉన్నవి కూడా ఈ రెండే. గిన్నెలో నీళ్లు మరిగిస్తూ అందులో ఇంకో చిన్న గిన్నె పెట్టి కరిగించండి, నేరుగా మంట మీద పెడితే అంటుకుంటుంది, పిల్లలు చుట్టుపక్కల లేకుండా చూసుకోండి. చల్లారి గడ్డకట్టిన ముక్కతో సంచీ మీద రుద్ది, డ్రయ్యర్‌తో వేడిచేస్తే గుడ్డలోకి దిగుతుంది. ముందు ఏ మూలో కనపడని చోట చేసి రంగు చూసుకోండి, ఎలాగూ ముదురుతుంది.

ప్రశ్న (విశాఖపట్నం నుంచి): వచ్చే మేలో హిమాలయాల్లో ఎనిమిది రోజుల ట్రెక్. కాన్వాస్ బ్యాగు లుక్ నాకు చాలా ఇష్టం, దానితో వెళ్దామని ఉంది.

జవాబు: వద్దు తమ్ముడూ. 1952లో కాలిఫోర్నియాలో డిక్ కెల్టీ అల్యూమినియం ఫ్రేమ్ బ్యాగులు అమ్మడం మొదలుపెట్టాక, నడుము బెల్ట్ వచ్చి బరువు భుజాల మీంచి తుంటికి మారాక, రోజంతా ఎక్కే నడకలో పాత సంచులకి పని తగ్గిపోయింది, అది ఫ్యాషన్ మార్పు కాదు, నడిచేవాడి వీపు అడిగింది. కాన్వాస్ పొడిగా ఉన్నప్పుడే బరువు, తడిస్తే ఇంకా బరువు, చలిలో త్వరగా ఆరదు కూడా. అరకు వెళ్లు, కారు దగ్గర క్యాంప్ వెయ్యి, నిప్పు పక్కన కూర్చో, నిప్పురవ్వ పడితే నైలాన్ వెంటనే కరిగి చిల్లిపడుతుంది, కాన్వాస్‌కి చిన్న మచ్చతో పోవచ్చు, అక్కడ దాని అందం చూడు.

ప్రశ్న (రాజమండ్రి నుంచి): మా నాన్నగారి పాత హోల్డాల్ (ప్రయాణాల్లో పరుపు చుట్టుకునే సంచీ) ఉంది, కాన్వాస్ గట్టిగానే ఉంది, తోలు పట్టీ కుట్టు ఊడిపోయింది. ఎక్కడ బాగుచేయించాలి?

జవాబు: బ్యాగుల షోరూముకి వెళ్లకండి, కొత్తది కొనిపిస్తారు. చెప్పులు కుట్టే పెద్దవయసాయన ఎవరైనా ఉంటే ఆయన దగ్గరికి తీసుకెళ్లి, మిషన్ మీద కాకుండా మైనం పట్టిన దారంతో రెండు సూదుల కుట్టు వెయ్యమనండి. ఒకే రంధ్రంలోంచి రెండు సూదులూ అటునుంచి ఇటూ ఇటునుంచి అటూ పోతాయి కాబట్టి ఒక దారం అరిగి తెగినా రెండోది పట్టుకునే ఉంటుంది. పాత రంధ్రాల్లోంచే కుట్టమనండి, పక్కన కొత్తవి పొడిస్తే తోలు అక్కడే చినుగుతుంది. కాన్వాస్ వెనకవైపు చిన్న తోలు ముక్క ఆసరాగా వేయించండి. డబ్బులు ఆయన అడిగినంత ఇవ్వండి, బేరం ఆడకండి.