చంటిపిల్లలతో డిస్నీకి వెళ్తున్నారా?

నాలుగేళ్ళ పాప, ఏడాదిన్నర బాబు, ఇండియా నుంచి వచ్చిన అత్తమామలు, చేతిలో ఒక్కటే రోజు. "ఆర్లాండోలో డిస్నీకి వెళ్తున్నామండీ, టికెట్ డబ్బులు గిట్టుబాటు కావాలంటే ఏమేం చూడాలి?" అని మొన్న ఒకమ్మాయి ఫోన్ చేసి అడిగింది. వాళ్ళు అమెరికా వచ్చి ఇంకా ఏడాది కాలేదు. ఫోన్లో సగమే చెప్పగలిగాను. మిగతాది ఆ అమ్మాయికే చెబుతున్నట్టు ఇక్కడ రాస్తున్నాను, కొత్తగా వచ్చిన ప్రతి ఇంట్లోనూ ఇదే సందేహం ఉంటుంది కాబట్టి.

ముందు ఆ గిట్టుబాటు అన్న మాట పక్కన పెట్టండి. ఇంత పోసి కొన్నాం కనుక గేటు తెరిచిన దగ్గర్నుంచి రాత్రి బాణసంచా దాకా ఉండి తీరాలి అనుకున్నారంటే, మధ్యాహ్నం రెండింటికల్లా పిల్లలు ఏడుపు మొదలుపెడతారు, పెద్దవాళ్ళు ఒకరినొకరు కసురుకుంటారు. నాలుగేళ్ళ పిల్ల ఐదారు రైడ్లు ఎక్కి, ఒక ఊరేగింపు చూసి, మధ్యలో కాసేపు నిద్రపోతే ఆ పిల్లకి రోజు నిండినట్టే. మా పిల్లలు చిన్నప్పుడు అట్లాంటా నుంచి ఏడు గంటలు కారు నడుపుకుని వెళ్ళేవాళ్ళం. అంత దూరం వచ్చాక త్వరగా వెనక్కి తిరగడానికి మనసొప్పదని నాకూ తెలుసు. అయినా పిల్లల ఓపికే కొలతగా పెట్టుకోండి.

వాల్ట్ డిస్నీ వరల్డ్ అంటే ఒక పార్కు కాదు, నాలుగు. మ్యాజిక్ కింగ్‌డమ్ 1971లో, ఎప్‌కాట్ 1982లో, ఇప్పుడు హాలీవుడ్ స్టూడియోస్ అంటున్నది 1989లో, యానిమల్ కింగ్‌డమ్ 1998లో తెరిచారు. ఒకే రోజు రెండు మూడు పార్కులు తిరగనిచ్చే 'పార్క్ హాపర్' టికెట్ మీకు వద్దే వద్దు. ఐదేళ్ళలోపు పిల్లలున్నవాళ్ళకి మ్యాజిక్ కింగ్‌డమ్ ఒక్కటి చాలు, ఎందుకంటే ఎత్తుతో పనిలేకుండా అందరూ ఎక్కే రైడ్లు ఎక్కువగా ఉన్నది అక్కడే.

మూడేళ్ళు నిండని పిల్లలకి టికెట్ అక్కర్లేదు, మీ బాబుకి పైసా కట్టకండి. 3 నుంచి 9 ఏళ్ళ దాకా పిల్లల టికెట్, పదేళ్ళు వస్తే పెద్దవాళ్ళతో సమానం. టికెట్ ధర రోజును బట్టి మారుతుంది. థాంక్స్‌గివింగ్ వారం, క్రిస్మస్ నుంచి న్యూ ఇయర్ దాకా, స్ప్రింగ్ బ్రేక్ అనే వసంతకాలపు బడి సెలవుల్లో ధరా ఎక్కువే, జనమూ ఎక్కువే. మీ పిల్లలు ఇంకా బడికి వెళ్ళడం లేదు కదా, ఆ వెసులుబాటు వాడుకోండి. ఫ్లోరిడాలో బళ్ళు ఆగస్టు మధ్యలోనే తెరుస్తారు. ఎండ ఓర్చుకోగలిగితే ఆ తర్వాత వచ్చే మామూలు పనిదినాల్లో వెళ్ళండి.

ఒక హెచ్చరిక. డిస్నీ చుట్టుపక్కల కిసిమ్మీ, ఇంటర్నేషనల్ డ్రైవ్ రోడ్ల మీద సగం ధరకే టికెట్లంటూ బోర్డులు కనిపిస్తాయి. చాలావాటి వెనక టైమ్‌షేర్, అంటే ఏటా కొన్ని రోజులు ఒక విడిదింట్లో ఉండే హక్కు, అమ్మకం ఉంటుంది. ఒక గంటన్నర కూర్చుని మేం చెప్పేది వింటే చాలంటారు, అది పూటంతా సాగుతుంది. మేం వచ్చిన కొత్తలో అలా ఒక పొద్దుట పూట పోగొట్టుకున్నాం. కాస్త వాడిన టికెట్లు ఇస్తామనే వాళ్ళ దగ్గరా కొనకండి, ఒకరి టికెట్‌తో ఇంకొకరిని లోపలికి పంపరు.

ఇక ఎత్తు సంగతి. బయల్దేరే ముందు ఇంట్లోనే పాప ఎత్తు అంగుళాల్లో కొలవండి. మనకి సెంటీమీటర్ల లెక్క అలవాటు, అక్కడ బోర్డుల మీద అంగుళాలే పెద్దగా రాసి ఉంటాయి. బార్న్‌స్టార్మర్ అనే చిన్న రోలర్ కోస్టర్‌కి 35 అంగుళాలు, అంటే 89 సెంటీమీటర్లు ఉండాలి. సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రెయిన్‌కి 38, స్పేస్ మౌంటెన్‌కి 44, ట్రాన్‌కి 48. అర అంగుళం తక్కువైనా ఎక్కించరు, బతిమాలినా లాభం లేదు, అది పిల్లల ప్రాణం కోసం పెట్టిన నిబంధన. మరో ఊరి పార్కులో మా వాడికి ఐదేళ్ళప్పుడు, నేను కొలవకుండానే నలభై నిమిషాలు లైన్లో నిలబెట్టాను. ముందుకెళ్ళాక కొలకర్ర దగ్గర వెనక్కి పంపేశారు. వాడి ముఖం ఎలా అయిపోయిందో ఇప్పటికీ కళ్ళముందు ఉంది. తప్పు పూర్తిగా నాది. ఏ రైడ్ ఎక్కొచ్చో, ఏది పెద్దయ్యాక ఎక్కాలో ముందురోజు రాత్రే పిల్లకి చెప్పేయండి. ఇంట్లో విన్న 'వద్దు'ని పిల్లలు తట్టుకున్నంతగా, లైను చివర విన్నదాన్ని తట్టుకోలేరు.

మీ ఇద్దరికీ పెద్ద రైడ్లు ఎక్కాలని ఉంటుంది, ఎక్కండి. 'రైడర్ స్విచ్' అని ఒక ఏర్పాటు ఉంది, దానికి అదనంగా ఏమీ కట్టక్కర్లేదు. రైడ్ ముందర ఉన్న ఉద్యోగికి పిల్లలు ఎక్కలేరని చెబితే, ఒకరు లైన్లో వెళ్ళి వచ్చేదాకా రెండోవారు పిల్లలతో బయట ఉండొచ్చు. తర్వాత ఆ రెండోవారు మళ్ళీ పెద్ద లైన్లో నిలబడకుండా వెళ్ళొచ్చు. ఇది తెలియక, పిల్లలున్నారు కదా అని ఆ రైడ్లన్నీ వదులుకునే జంటల్ని చాలామందిని చూశాను.

డబ్బు కట్టి చిన్న లైన్లో వెళ్ళే 'లైట్నింగ్ లేన్' గురించి అడిగారు. డిస్నీ హోటళ్ళలో దిగినవాళ్ళు ఏడు రోజుల ముందు, మనలా బయట దిగినవాళ్ళు మూడు రోజుల ముందు ఫోన్లోని యాప్‌లో కొనుక్కోవచ్చు. రద్దీ లేని రోజైతే చంటిపిల్లలతో అది అవసరం లేదనే నా అభిప్రాయం. దాని బదులు పెందలాడే చేరండి. కారు పెట్టిన చోటే గేటు ఉంటుందనుకోకండి. అక్కడి నుంచి మోనోరైలో, సరస్సు దాటించే ఫెర్రీయో ఎక్కాలి. సెక్యూరిటీ, స్ట్రోలర్ (పిల్లల్ని కూర్చోబెట్టి తోసుకెళ్ళే బండి), పెద్దవాళ్ళ నడక కలిపి ముప్పావు గంట వేసుకోండి. కారు ఎక్కడ పెట్టారో ఫోటో తీసుకోండి. లోపలికి వెళ్ళగానే పార్కు నడుమ ఉన్న సిండ్రెల్లా కోట ముందర ఫోటోల కోసం ఆగకుండా నేరుగా ఫాంటసీల్యాండ్‌కి, అంటే చిన్నపిల్లల రైడ్లుండే భాగానికి నడవండి. పీటర్ పాన్స్ ఫ్లైట్ ముందు ఎక్కండి, తర్వాత దాని లైను రోజంతా తగ్గదు. ఆ పైన విన్నీ ద పూ, డంబో.

నాలుగేళ్ళ పిల్ల నడుస్తుందిలే అని స్ట్రోలర్ ఒక్కటే తీసుకెళ్ళకండి. ఇద్దరికీ కావాలి. వెడల్పు 31 అంగుళాలు, పొడవు 52 అంగుళాలు దాటకూడదు, లాగుడు వ్యాగన్లు అసలు రానివ్వరు. రైడ్ ఎక్కేటప్పుడు స్ట్రోలర్ బయట వదలాలి, మీరు వచ్చేలోగా ఉద్యోగులు దాన్ని వరుసలో సర్ది జరపొచ్చు. దూరం నుంచే గుర్తుపట్టేలా ఒక రంగు గుడ్డ కట్టండి. పాస్‌పోర్టులు, డబ్బు అందులో ఉంచకండి.

తిండి విషయంలో మనవాళ్ళు అనవసరంగా భయపడతారు. ఇంటి నుంచి పెరుగన్నం, పులిహోర నిక్షేపంగా పట్టుకెళ్ళొచ్చు. గాజు సీసాలు మాత్రం వద్దు, పిల్లల ఆహారపు చిన్న సీసాలకి మినహాయింపు ఉంది. కౌంటర్లో డ్రింకులు పోసే చోట అడిగితే ఐసు నీళ్ళు ఉచితంగా ఇస్తారు. బాబుకి అన్నం వెచ్చబెట్టాలన్నా, డైపర్ మార్చాలన్నా, పాలివ్వాలన్నా గేటు నుంచి కోట వైపు వెళ్ళే మెయిన్ స్ట్రీట్ చివర, క్రిస్టల్ ప్యాలెస్ అనే రెస్టారెంటు పక్కన ఉన్న బేబీ కేర్ సెంటర్‌కి వెళ్ళండి. మైక్రోవేవ్, ఎత్తు కుర్చీలు, తల్లులకి విడిగా గది అన్నీ ఉంటాయి. పక్కనే ప్రథమ చికిత్స కేంద్రం.

ఆ చోటు ఇంకో కారణానికి కూడా గుర్తుపెట్టుకోండి. తప్పిపోయిన పిల్లల్ని అక్కడికే తెస్తారు. మన పిల్లల్ని మీ అమ్మ పేరేంటని అడిగితే 'అమ్మ' అంటారు. కొత్తగా వచ్చిన పిల్లకి ఇంగ్లీషు కూడా రాదు. మీ పేర్లు, మీ ఫోన్ నంబర్ ఇంగ్లీషులో రాసిన చీటీ పాప జేబులో పెట్టండి, చేతికి పట్టీలా కట్టినా మంచిదే. తెల్లటి కోడిగుడ్డు ఆకారపు పేరు బ్యాడ్జీ పెట్టుకున్నవాళ్ళ దగ్గరికే వెళ్ళాలని గేటు దగ్గరే ఒకరిని చూపించి నేర్పండి. మీ అత్తమామల ఫోన్లలో ఇక్కడి సిమ్ లేకపోతే వాళ్ళకీ ఒక చీటీ ఇవ్వండి. విడిపోతే కలుసుకునే చోటు కూడా అదే అనుకోండి. 'కోట దగ్గర' అంటే అక్కడుండే జనంలో ఎవరికీ ఎవరూ కనిపించరు.

అత్తమామలు నడవగలమంటారు. రోజంతా ఆ సిమెంటు నేల మీద నడక వేరు. పొద్దున్నే గేటు దగ్గర చక్రాల కుర్చీ అద్దెకి తీసుకోండి. వాళ్ళకి నామోషీ అనిపిస్తే, ఆ కుర్చీలో బాబుని ఒళ్ళో పెట్టుకుని కూర్చోమనండి, కాదనరు. మధ్యాహ్నం ఎండలో వాళ్ళనీ పిల్లల్నీ కలిపి ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్ పడవలోకో, మికీస్ ఫిల్‌హర్‌మ్యాజిక్ హాల్లోకో తీసుకెళ్ళండి, రెండూ చల్లగా ఉంటాయి. పార్కులో టుమారోల్యాండ్ అనే భాగంలోని పీపుల్ మూవర్ రైడ్ కూడా బాగుంటుంది, కాకపోతే కదిలే బెల్టు మీద అడుగేసి ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులుంటే వద్దు.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నాలు ఉరుముల వాన ఖాయం. మెరుపులుంటే బయటి రైడ్లు ఆపేస్తారు. అప్పుడు గదికి వెళ్ళి పిల్లల్ని పడుకోబెట్టి సాయంత్రం మళ్ళీ రావచ్చు, అదే టికెట్ ఆ రోజంతా చెల్లుతుంది. బాణసంచా చప్పుడుకి ఏడాదిన్నర పిల్లలు హడలిపోతారు. ఉండాలనుకుంటే చెవులకి మఫ్‌లు కొని తీసుకెళ్ళండి. లేదా మీరిద్దరిలో ఒకరు బాబుతో ముందే బయటికి వచ్చేయండి.

లోపలికి వెళ్ళగానే ఎడమవైపు సిటీ హాల్ ఉంటుంది. అక్కడ అడిగితే 'మొదటిసారి' వచ్చామని చెప్పే గుండ్రటి బ్యాడ్జీలు ఉచితంగా ఇస్తారు. పిల్లలకే కాదు, అత్తమామలకీ అడగండి. మా అత్తగారిది ఇంకా ఆవిడ బీరువాలోనే ఉంది.