ఫ్రటర్నిటీ ఫీజు 529 ఖాతాలోంచి కట్టొచ్చా?

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. మా అబ్బాయి ఆస్టిన్‌లో ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం. ఫ్రటర్నిటీ (కాలేజీ అబ్బాయిల సంఘం) వాళ్లు బిడ్, అంటే చేరమని ఆహ్వానం, ఇచ్చారట, ఈ స్ప్రింగ్‌లోనే చేరతానంటున్నాడు. మొదటి సెమిస్టర్‌కి 1,100 డాలర్లు, తర్వాత ప్రతి సెమిస్టర్‌కీ 800. క్యాంపస్‌లో వారానికి 12 గంటలు, గంటకు 12 డాలర్లకు పనిచేస్తున్నాడు. జీపీఏ 3.0 తగ్గితే ఏడాదికి 4,000 డాలర్ల స్కాలర్‌షిప్ పోతుంది. ఫ్రటర్నిటీ ఖర్చు 529 నుంచి, అంటే వాడి చదువుకోసం పన్ను రాయితీతో దాచిన ఖాతా నుంచి, ఇవ్వొచ్చా?

జవాబు: ఇవ్వకండి. ఇనిషియేషన్ (చేరిక) ఫీజు, డ్యూస్ (సభ్యత్వ రుసుము) అర్హత ఉన్న చదువు ఖర్చుల్లోకి రావు. వాటికోసం డబ్బు తీస్తే అందులో లాభం వాటాకు ఆదాయపు పన్ను, పైన మరో 10 శాతం పెనాల్టీ పడతాయి. రేపు చాప్టర్ హౌస్‌లో (ఫ్రటర్నిటీ స్థానిక శాఖ సభ్యులుండే ఇంట్లో) ఉంటే గది అద్దె, భోజనం ఖర్చు వేరే సంగతి. కనీసం సగం కోర్సు లోడ్ ఉన్న విద్యార్థికి వాటిని 529 నుంచి కట్టొచ్చు. అదీ వసతి, భోజనాలకు యూనివర్సిటీ ప్రకటించిన అంచనా మొత్తం దాకానే.

ఇక వాళ్లు చెప్పిన ఫీజు ప్రకారం ఏడు సెమిస్టర్లకు 5,900 డాలర్లు. టీషర్టులు, ఫార్మల్ పార్టీలు, ట్రిప్పులు, మీటింగ్ ఎగ్గొడితే ఫైన్లు ఇందులో ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోమనండి.

నాకు అంతకంటే టెన్షన్ పెట్టే లెక్క టైముది. 15 క్రెడిట్లంటే వారానికి 15 గంటల క్లాసులు. గంట క్లాసుకి రెండు గంటల చదువు చొప్పున ఇంకో 30. ఉద్యోగం 12. అప్పటికే 57 గంటలు. కొత్తగా చేరినవాళ్ల ప్లెడ్జ్ దశ చాలాచోట్ల ఆరు నుంచి ఎనిమిది వారాలు నడుస్తుంది. సాయంత్రాలు, వీకెండ్లు దానికే పోతాయి. ఆ గంటలు ఎక్కణ్నుంచి తెస్తాడు? ఎనిమిది వారాలు పని మానేస్తే పోయేది 1,152 డాలర్లు, అంటే మొదటి సెమిస్టర్ ఫీజు కంటే ఎక్కువ. చదువులోంచి తెస్తే 4,000 డాలర్ల స్కాలర్‌షిప్‌కే ఎసరు.

అలాగని వద్దనను. కొత్త ఊళ్లో నలుగురు మనవాళ్లు అనిపించే చోటుకి విలువ ఉంది. 1998లో ఆస్టిన్‌లోనే మొదలైన డెల్టా ఎప్సిలాన్ సై లాంటి దక్షిణాసియా ఫ్రటర్నిటీలూ ఉన్నాయి. కానీ ఈ స్ప్రింగ్ వదిలేసి, రెండు సెమిస్టర్ల మార్కులు చేతికొచ్చాక రెండో ఏడాది ఫాల్‌లో రష్‌కి (కొత్త సభ్యుల్ని ఎంచుకునే కార్యక్రమాలకి) వెళ్లమనండి. అప్పుడు డ్యూస్‌లో సగం మీరు, సగం వాడి జీతంలోంచి.

ఈలోగా ఆ చాప్టర్ మీద హేజింగ్ (మన ర్యాగింగ్ లాంటిదే, పేరే వేరు) కేసులేమైనా ఉన్నాయేమో చూడండి. 2024 డిసెంబర్‌లో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం యూనివర్సిటీలు ఆ వివరాలు బయటపెట్టాలి. చాప్టర్ హౌస్ లీజుకి గ్యారంటర్‌గా మీ సంతకం అడిగితే, వాడు మధ్యలో ఫ్రటర్నిటీ మానేసినా అద్దె కట్టాలా అన్న క్లాజు చదివాకే పెన్ను తీయండి.