అర్జీ కాదు, మహజరు

చిరంజీవికి ఆశీస్సులు.

కెనడాలోని ఒజిబ్వే అనే ఆదివాసులు బ్రిటిషు దొరలకు పెట్టుకున్న విన్నపాల మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. చదువు కోసం దొరల కాళ్లు పట్టుకున్న అమాయకులని మొదటి వాక్యంలోనే రాశావు. నా పేచీ అక్కడే.

అమెరికాతో జరిగిన 1812 యుద్ధంలో బ్రిటిషువారి పక్షాన పోరాడిన షింగ్వాకాన్స్ అనే ఒజిబ్వే పెద్ద, 1832లో సూ సెయింట్ మేరీ ప్రాంతం నుంచి, మంచులో కూరుకుపోకుండా పాదాలకు అల్లిక చట్రాలు కట్టుకుని, నేటి టొరంటో అయిన యార్క్ దాకా వందల కిలోమీటర్లు నడిచివెళ్లి, తన జనానికి ఒక ఉపాధ్యాయుణ్ణి ఇమ్మని లెఫ్టినెంట్ గవర్నర్ జాన్ కోల్బోర్న్‌ను అడిగాడు. అది మిత్రుడు మిత్రుణ్ణి అడిగిన తీరు. వాళ్లు దొరను 'తండ్రీ' అని పిలవడం చూసి నువ్వు దాస్యమనుకున్నావు కానీ, ఆ సంప్రదాయంలో తండ్రి ఆజ్ఞాపించేవాడు కాడు, పెట్టవలసినవాడు. పైగా ఇలాంటి కాగితాలను ఇంగ్లీషులోకి దించినవాడు తరచు మిషనరీయో దుబాసీయో అయి ఉంటాడు కనుక, అందులోని వినయం ఎవరిదో తేల్చుకోకుండా దాన్ని పెద్దల నోట పెట్టకు.

'సంతకాలు' అని ఒక్క మాటతో దాటేశావు. పేరు పక్కన సిరాతో గీసిన కొంగనో, చేపనో నిలబడి చూడు. అది ఆ మనిషి వంశపు గుర్తు, అతని వెనుక ఆ వంశమంతా నిలిచి ఉంది. దాన్ని ఒక్కడు పెట్టుకునే అర్జీ అనకు, జనమంతా కలిసి చేసే విన్నపం కనుక మహజరు అను. మన భాషలో ఇంత చక్కని మాట ఉండగా వాడకపోవడం నాకు చిన్నతనంగా తోచింది.

డబ్బు సంగతి నువ్వసలు ఎత్తలేదు. 1846లో ఒరిలియా అనే ఊళ్లో ప్రభుత్వంతో జరిగిన సభలో పెద్దలు, వదులుకున్న భూములకు తమకు ఏటా వచ్చే సొమ్ములో నాలుగో వంతును 25 ఏళ్లపాటు బడులకు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. కాళ్లు పట్టుకునేవాడు తన సొమ్ము ఎదురిస్తాడా?

1871లో షింగ్వాకాన్స్ కొడుకు అగస్టీన్ కూడా ఊరూరా తిరిగి, చదువుతో పాటు సేద్యం, ఇళ్లు కట్టడం నేర్పే 'చదువుల విగ్వామ్' (విగ్వామ్ అంటే వాళ్ల ఇల్లు) కావాలని అడిగాడు. 1873లో గార్డెన్ రివర్‌లో తెరిచిన ఆ బడి ఆరు రోజులకే కాలిపోగా, 1875లో సూ సెయింట్ మేరీలో మళ్లీ తెరిచారు. దరిమిలా అటువంటి బడులు పిల్లలను ఇంటి నుంచీ, అమ్మ నుడి నుంచీ విడదీసిన సంగతి రాయవలసిందే. కానీ 1970లో మూతపడిన ఆ బడి కథను 1832లో నడిచినవాడి నెత్తిన వేయకు.

మొదటి పేరా కొట్టేసి, ఆ మంచు నడకతో మొదలుపెట్టి తిరిగి పంపు.